గేటు బయట పెద్దమ్మ

రాజమండ్రి నుంచి మండపేట వెళ్ళే బస్సు ద్వారపూడి దాటిందో లేదో, ఏదో ఒక మలుపులో ఉడికిన వడ్ల వాసన గుప్పున లోపలికి కొడుతుంది. పులిసిన గంజీ, తడిసిన గోనే, తవుడూ కలిపి పొయ్యిమీద పెడితే ఎలా ఉంటుందో అలా ఉండే ఆ వాసనకి కొత్తవాళ్ళు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటారు, మా ఊరివాళ్ళు మాత్రం ఏమీ జరగనట్టు వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చుంటారు. చిన్నప్పటి బడి అనగానే అందరికీ కొత్త పుస్తకాల అట్టలూ, సుద్దముక్కలూ గుర్తొస్తాయంటారు. నాకు మాత్రం ఇదే వాసన, ఎందుకంటే మా స్కూలు ఉప్పుడు బియ్యం మిల్లు గోడకి ఆనుకుని ఉండేది. ఇంటికి వెళ్తూ ఆ వాసన పీల్చినప్పుడల్లా ఏడుపో సంతోషమో ఏదో ఒకటి రావాలి కదా అని ఎదురుచూస్తాను. ఏదీ రాదు. బస్సు దిగి ఆటో ఎక్కుతాను.

మిల్లు యజమాని గారే ఆ స్కూలు పెట్టారు. వడ్లు ఆరబోసే సిమెంటు కళ్ళంలో సగం చోట బాస్కెట్‌బాల్ స్తంభాలు పాతించి, పాత గిడ్డంగికి నీలం అద్దాలు బిగించి, గేటు మీద లేత కొబ్బరిబోండాం రంగులో ఒక సిమెంటు గ్లోబు కట్టించి, దాని కింద ఇంటర్నేషనల్ స్కూల్ అని రెండు భాషల్లోనూ రాయించారు. ఇంటర్నేషనల్ అనడానికి మాకున్న ఆధారం ఆ గ్లోబూ, మస్కట్ నుంచి వచ్చిన ఇద్దరు అన్నదమ్ములూ. వాళ్ళ సొంతూరు కూడా మళ్ళీ రామచంద్రపురమే. అయితే చుట్టుపక్కల ఏ బడిలోనూ లేని పద్ధతి ఒకటి అక్కడ ఉండేది. పొద్దున్న ప్రార్థన నుంచి భోజనాల గంట దాకా ఆవరణలో ఇంగ్లిషు తప్ప వినపడకూడదు. గంట కొట్టిన దగ్గర్నుంచి సాయంత్రం బస్సులు కదిలేదాకా తెలుగు తప్ప వినపడకూడదు. పొద్దున్న ట్రయాంగిల్ గీసిన పిల్ల మధ్యాహ్నం త్రిభుజం గీసేది, పొద్దున్న ‘మే ఐ కమిన్’ అన్నవాడు అన్నం తిని వచ్చి ‘లోపలికి రావచ్చునా అండీ’ అనేవాడు, గాలి తిరిగినప్పుడు మిల్లులోంచి ఊక లేచి రెండు పూటలా మా తెల్లచొక్కాల మీద ఒక్కలాగే పడేది.

మా నాన్నకి మండపేట బజారులో గోనెసంచుల దుకాణం. మా అమ్మ కనకదుర్గ ఏడో తరగతితో చదువాపేసిన మనిషి, అయినా నోరు ఒక్క క్షణం ఊరుకునేది కాదు. కందిపప్పు ఏరుతూ ఒక కథ, చింతపండు గింజలు తీస్తూ ఒక కథ, ఆ కథలో పిల్లికీ ముసలమ్మకీ షావుకారుకీ తలో గొంతు పెట్టేసరికి పక్కింటి వాళ్ళు కూడా గోడ దగ్గరికి వచ్చి నిలబడేవాళ్ళు. కాలువలు కట్టేసే ఎండాకాలంలో తాటిముంజెలు వేలితో పొడిచి నీళ్ళు నోట్లో పడేలా తినడమూ, వానలకి గోదారి ఎర్రబడినప్పుడు ఆవపెట్టిన పనసపొట్టు కూర ఘాటుకి ముక్కులు కారడమూ, చలికాలం పొద్దున్నే కాల్చిన తేగల పీచు పళ్ళ సందుల్లో ఇరుక్కుంటే అమ్మ పిన్నీసు పట్టుకుని నా వెంటపడడమూ, ఇవన్నీ ఆ కథల మధ్యలోనే జరిగిపోయేవి. అంత మాటకారి మా అమ్మ.

ఆ స్కూల్లో సీటు కావాలంటే తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి మాట్లాడేవారు. నన్ను చేర్పించడానికి వెళ్ళింది ఒక పొద్దుటిపూట. అప్పటి ప్రిన్సిపాల్ గారు మా అమ్మ వైపు తిరిగి, మీ అమ్మాయి పొద్దున్న టిఫినుకి ఏం తింటుందని ఇంగ్లిషులో అడిగారు. అమ్మ నవ్వి నాన్న వైపు చూసింది. నాన్న “ఇడ్లీ సార్” అన్నాడు. “ఐ యామ్ ఆస్కింగ్ ద మదర్” అన్నారాయన. అమ్మ బల్లమీది గాజు పేపరువెయిటు వైపు చూస్తూ అలాగే కూర్చుంది. తల్లికి ఇంగ్లిషు రాకపోతే పిల్లకి ఇంట్లో సాయం ఉండదని సీటు ఇవ్వలేదు. తిరిగొస్తూ స్కూటరు మీద వెనక కూర్చుని అమ్మ ఒకటే మాట అంది.

“మధ్యాన్నం పిలిస్తే చెప్పేదాన్ని కదండీ. నా కూతురు ఏం తింటుందో నాకు తెలీదా?”

“ఊరుకో కనకం” అన్నాడు నాన్న.

మరుసటేడు ఆ ప్రిన్సిపాల్ గారు వెళ్ళిపోయి ఊటీలో పాఠాలు చెప్పిన ఒక మేడం గారు వచ్చారని తెలియగానే మా సుజాత పిన్ని రాజమండ్రి నుంచి దిగింది. పిన్ని అమ్మకి చెల్లెలు, అక్కడ కాన్వెంటులో ఇంగ్లిషు టీచరు, ఎండలో కూడా నలగని కాటన్ చీరలు కట్టేది. “కొత్తావిడకి నువ్వెవరో, నేనెవరో తెలీదు. తల్లినని నేనెళ్ళి కూచుంటానక్కా” అంది. మా వీధి చివరే ఉండే అమ్మమ్మ ఆ మాట వినగానే ఇంతెత్తున లేచింది.

“బావా మరదలూ మొగుడూ పెళ్ళాల్లా వెళ్ళి కూచోడమేంటే! సిగ్గూ శరం లేదా? నలుగురూ వింటే మొహాన ఉమ్మేస్తారు.”

పిన్ని మొగుడు, మా బాబాయ్, భలే సరదా మనిషి. “ఒక్క పూటకేగా అత్తయ్యగారూ, సాయంత్రానికి పంపించెయ్యండి చాలు” అని నవ్వేశాడు. అమ్మ మాత్రం నవ్వలేదు. “పిల్ల చదువు కంటే ఎక్కువేంటమ్మా. నేనే ఒప్పుకున్నాక మీకేంటంట” అని, పిన్నికి మెళ్ళో వేసుకోమని తన నల్లపూసల గొలుసు తీసిచ్చింది. పిన్నికి గొలుసు లేకనా? ఏదో ఒకటి తనది వెళ్ళాలనుకుందేమో.

ఆ రోజు ఆఫీసు గదిలో మూడు కుర్చీలు వేసి ఉంటే నాన్న ఈ చివర, పిన్ని ఆ చివర కూర్చుని, మధ్య కుర్చీ ఖాళీగా వదిలేశారు. మరదలి పక్కన భుజం తగిలేలా కూర్చోవడం నాన్న వల్ల కాలేదు మరి. మేడం గారు ఆ ఖాళీ కుర్చీ వైపూ, పంకా వైపు చూస్తున్న నాన్న వైపూ ఒకటికి రెండుసార్లు చూసి, ఇంట్లో ఎన్ని గొడవలున్నా పిల్ల ముందు చూపించుకోకూడదని, పిల్లలవి లేత మనసులని ఇంగ్లిషులో మంచిమాటలు మొదలుపెట్టారు. “వియ్ ఆర్ వెరీ హ్యాపీ మేడం” అంది పిన్ని. “యెస్ మేడం” అన్నాడు నాన్న, పంకాతో. సీటొచ్చింది. ఇంటికొచ్చి పిన్ని ఇదంతా చెబుతుంటే అమ్మమ్మతో సహా అందరూ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు, అమ్మ కూడా పొట్ట పట్టుకుని నవ్వింది.

ఒక్క పూట అనుకున్నది పదో తరగతి అయ్యేదాకా సాగింది. మీటింగు పెట్టినప్పుడల్లా పిన్ని రాజమండ్రి నుంచి వచ్చేది, నేను ఆవిణ్ణి మమ్మీ అనేదాన్ని. అబద్ధం చెప్పి సీటు తెచ్చుకున్నారని తేలితే ఆ స్కూల్లో ఊరుకునేవారు కాదు. నేను చేరిన కొత్తలోనే అలా దొరికిపోయిన ఒక పిల్లాణ్ణి ఏడాది మధ్యలో టీసీ చేతికిచ్చి పంపేశారు. వాడు బస్సుదాకా వాటర్ బాటిల్ ఊపుకుంటూ వెళ్ళడం క్లాసంతా కిటికీలోంచి చూశాం. అందుకని మా ఇంట్లో అందరికీ ఒకటే భయం, నేనెక్కడ నోరు జారుతానో అని.

అమ్మ మాత్రం రాకుండా ఉండలేకపోయింది. పొద్దున్నే కట్టిన డబ్బా మధ్యాహ్నానికి చద్దన్నం అవుతుందని, రోజూ కాకపోయినా వారానికి రెండు మూడుసార్లు షేర్ ఆటో ఎక్కి, భోజనాల గంట వేళకి క్యారేజీతో గేటు బయటికి వచ్చేది. వాచ్‌మన్ అప్పారావు గ్రిల్ తలుపు తట్టి “పాపగారూ, మీ పెద్దమ్మగారొచ్చారండీ” అని కేకేసేవాడు. తల్లి పిన్ని అయినప్పుడు పిన్నికి అక్క పెద్దమ్మే కదా, లెక్క సరిగ్గానే ఉండేది. నేను వెళ్ళి “పెద్దమ్మా” అనేదాన్ని, ఆవిడ “రా తల్లీ” అనేది. లోపలికి తల్లిదండ్రుల్నే రానిస్తారు కాబట్టి గేటు బయట సిమెంటు అరుగు మీద కూర్చుని, లారీలు లేపే దుమ్ము పడకుండా పమిట అడ్డం పెట్టి, నాకు ముద్దలు కలిపి పెట్టేది. నెయ్యి వేసిన ముద్దపప్పూ ఆవకాయా, మామిడికాయ పప్పూ, తోటకూర పులుసూ అన్నీ ఆ అరుగు మీదే తిన్నాను. తెలుగు వేళ మొదలైపోయేది కాబట్టి గ్రిల్ లోపల పిల్లలందరూ తెలుగులో అరుచుకుంటూ ఆడుకుంటుంటే అమ్మ తినిపించడం ఆపి ఆ గోల వినేది.

“ఎంత చక్కగా మాట్టాడుతున్నారే! ఇలాగైతే నేనూ లోపలికి రావచ్చు” అనేది.

అట్లతద్దికి ముందురోజు గోరింటాకు పెట్టాల్సి వస్తే పెద్ద చిక్కొచ్చిపడేది. చేతులు ఎర్రగా ఉంటే మేడం గారు ప్రార్థన దగ్గరే నిలబెట్టేస్తారు. ఒక ఏడు అమ్మ ఆలోచించి కాళ్ళకి మాత్రం నిండుగా పెట్టి, పొద్దున్నే మేజోళ్ళు తొడిగి పంపించింది. తెల్లవారుజామున గోంగూర పచ్చడితో పెరుగన్నం తిని, వీధిలో ఉయ్యాలలూగి వచ్చిన నేను, బూట్ల లోపల ఎర్రటి పాదాలతో ఇంగ్లిషు ప్రార్థన చదివాను. మధ్యాహ్నం గేటు దగ్గర అమ్మ నా బూటు విప్పి, మేజోడు లాగి, పండిందా లేదా అని చూసుకుని మళ్ళీ తొడిగేసింది. బాగా పండింది.

ఇంట్లో నేను ఆవిణ్ణి అమ్మా అనే పిలిచేదాన్ని, మొదట్లో. ఒకసారి గేటు దగ్గర, వెనక ఇద్దరు టీచర్లు నిలబడి ఉండగా, అలవాటులో ‘అమ్మ...’ అని సగం అనేసి దాన్ని దగ్గుగా మార్చేశాను. టీచర్లు పట్టించుకోలేదు కానీ అమ్మ మొహం పాలిపోయింది. ఆ సాయంత్రం నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, ఇకమీదట ఇంట్లో కూడా పెద్దమ్మా అనే పిలవమంది. అమ్మమ్మ ఊరుకోలేదు.

“నీకేం పోయేకాలమే కనకం! కన్నతల్లిని ఇంట్లో అన్నా అమ్మా అనొద్దా?”

“అనకపోతే నేనేం అరిగిపోతానమ్మా? ఇక్కడ అలవాటైతే అక్కడ నోరు జారుతుంది. పదో క్లాసయ్యాక ఎంతసేపు పిలుస్తుందో పిలవనీ” అంది అమ్మ.

పిల్లలకి ఏదైనా తొందరగా అలవాటైపోతుంది. వారం తిరిగేసరికి నాకది మామూలైపోయింది, జ్వరమొచ్చి మూలిగినా పెద్దమ్మా అనే మూలిగేదాన్నని నాన్న తర్వాత చెప్పాడు. బాధేసేదా అంటే, ఏమో, అప్పట్లో బాధ అన్న గుర్తు లేదు. వేసవిలో కాలువ కట్టేస్తే నీళ్ళుండవు, మళ్ళీ వదిలేదాకా కాలువ అలాగే ఉంటుంది. అలాగే ఉండేదాన్ని.

ఆరో తరగతిలో మాకు తెలుగు చెప్పే సుగుణ టీచరు గారికి ఒక ఆలోచన వచ్చింది. ఆవిడ ఆదివారాలు లూథరన్ చర్చిలో పాటలు పాడే మనిషి కావడంతో గొంతు రెండు గదుల అవతలికి వినపడేది, మనసు కూడా అంతే పెద్దది. శుక్రవారం మధ్యాహ్నాలు పిల్లల తల్లులొచ్చి క్లాసులో తెలుగు కథ చెప్పాలన్నారు. నా వంతు రాగానే పిన్ని ఫోనులోనే చేతులెత్తేసింది. “నాకు కథలెక్కడొచ్చు? అక్కని పంపండి” అంది. టీచరు గారిని అడిగితే “పెద్దమ్మగారైతేనేం, రమ్మనమ్మా” అన్నారు. అమ్మ ఆ వారమంతా నేల మీద నిలబడలేదు. ఉప్పాడ చీర తీసి ఇస్త్రీకిచ్చింది, పప్పు మాడ్చింది, కథ చెప్పుకుంటూ నాన్న కాఫీలో ఉప్పు వేసింది.

సీటు లేదన్న రోజు తర్వాత అమ్మ గేటు దాటి లోపలికి రావడం అదే. అప్పారావు తలుపు బార్లా తీసి నమస్కారం పెట్టాడు. అమ్మ క్లాసులో నిలబడి, పడవ కూలి ఎగ్గొట్టాలని దూడ తోలు కప్పుకుని గోదారి దాటబోయిన పిసినారి షావుకారు కథ చెప్పింది. దూడలకి కూలి లేదు కదా అని ఎక్కినవాడిని అవతలి రేవులో ఒక రైతు తాడు కట్టి ఇంటికి తోలుకుపోతాడు. మనిషినని చెబితే కూలి కట్టాలి, చెప్పకపోతే గడ్డి తినాలి. అమ్మ ‘అంబా’ అని అరిచినప్పుడల్లా క్లాసు దద్దరిల్లింది, మస్కట్ పిల్లలిద్దరూ బెంచీ మీద నుంచి దొర్లారు, పక్క క్లాసు టీచరు కూడా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. నేను ముందు బెంచీలో కూర్చుని ఆవిణ్ణే చూస్తున్నాను. నాకు గర్వంగా ఉంది. ఆ స్కూల్లో చదివినన్నేళ్ళలో అదొక్కటే నాకు బాగా గుర్తున్న సంతోషం.

కథయ్యాక పిల్లలు ఆటలకి పరిగెత్తారు. సుగుణ టీచరు గారు అమ్మకి మంచినీళ్ళిచ్చి, మా ఇద్దరి మొహాల్నీ మార్చి మార్చి చూశారు.

“అమ్మాయికి వాళ్ళమ్మగారి కంటే మీ పోలికే వచ్చిందండీ. ఆ గెడ్డం చూడండి.”

“మా ఇంట్లో అందరివీ ఒకటే మొహాలండీ” అంది అమ్మ, నవ్వుతూనే.

“మీకెంతమందండీ పిల్లలు?”

ఒక కూతురుందని చెబితే సరిపోయేది. ఏ స్కూలు, ఏ క్లాసు, మరి ఇక్కడే ఎందుకు వెయ్యలేదని వరసగా అడుగుతారని భయపడిందో, అప్పటికే నవ్వి నవ్వి అలసిపోయి ఏమీ తోచలేదో, అమ్మ గ్లాసు కింద పెట్టి చెప్పింది.

“లేరండీ.”

“అయ్యో” అన్నారు సుగుణ టీచరు గారు. ఆవిడ కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. పక్కన నిలబడ్డ నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి అమ్మ చేతిలో పెట్టారు. “ఆ దేవుడి చిత్తం ఏంటో మనకేం తెలుసండీ. ఇదుగో, ఈ పిల్లనే మీ కూతురనుకోండి.”

“అలాగేనండీ” అంది అమ్మ.

ఇంటికి ఒకే ఆటోలో వచ్చాం. కాలువ గట్టున నాట్లు వేసిన చేలు పచ్చగా ఉన్నాయి, ఆటోవాడు రేడియో పెట్టాడు. అమ్మ నా వైపు తిరిగి, “బాగా చెప్పానా?” అంది. “ఆఁ, బాగా చెప్పావ్ పెద్దమ్మా” అన్నాను. ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్నకీ అమ్మమ్మకీ కథ ఎలా చెప్పిందో మళ్ళీ మొదటినుంచి చేసి చూపించింది, ‘అంబా’తో సహా. టీచరు గారు అడిగింది మాత్రం ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆ తర్వాత క్యారేజీ తెచ్చినప్పుడల్లా సుగుణ టీచరు గారు గేటు దాకా వచ్చి అమ్మని పలకరించేవారు, పండగలకి కేకు ముక్క ఇచ్చేవారు, పిల్లలు లేని మనిషి కదా అని.

పదో తరగతి అయిపోయింది. రిజల్టు వచ్చిన మర్నాటికల్లా మమ్మీ మళ్ళీ పిన్ని అయిపోయింది. నాకు పొరపాటు కూడా రాలేదు. పెద్దమ్మ మాత్రం అమ్మ కాలేదు. ఇంట్లో అందరూ పిలువు పిలువు అన్నారు, అమ్మ కూడా నవ్వుతూ ఎదురుచూసింది. నేను పెద్దమ్మా అనడం మానేశాను, దాని చోటులోకి ఇంకో మాట రాలేదు. ఇక్కడ రాయడానికి ఎన్నిసార్లైనా వస్తోంది, చూడండి, అమ్మ, అమ్మ అని; నోటికి రాదు. ఏదైనా చెప్పాలంటే ఆవిడ ఉన్న గదిలోకి వెళ్ళి చెబుతాను, దూరంగా ఉంటే ‘ఇదుగో’ అంటాను. కావాలని చేస్తున్నది కాదు. కొన్నాళ్ళకి ఆవిడ ఎదురుచూడడం మానేసింది, నేను గమనించాను.

ఇప్పుడు ఆ స్కూలు లేదు. యజమాని గారి కొడుకులు పంచుకున్నప్పుడు అమ్మేశారు, ఇప్పుడది ఏసీ కల్యాణమండపం. బాస్కెట్‌బాల్ స్తంభాల చోట జనరేటరు ఉంది, గేటు మీద గ్లోబు తీసేసి వినాయకుణ్ణి పెట్టారు, రోజుని రెండు ముక్కలు చేసే గంట ఏమైందో అప్పారావుకి కూడా తెలియదు. మా ఆఫీసులో పిల్లల తల్లుల్ని అడిగాను. ఈ రోజుల్లో సీటుకోసం తల్లుల్ని ఎవరూ ఏమీ అడగరట, ఫోనులోనే డబ్బు కట్టేస్తే వచ్చేస్తుందట.

కిందటి నెల రాజమండ్రిలో అమ్మకి కంటి శుక్లం ఆపరేషను చేయించాను. ఒక కంటికి కట్టు కట్టి, రెండోది కూడా కాసేపు మూసుకునే ఉండమన్నారు. వార్డులో వరసగా మంచాలు, డెట్టాల్ వాసన, మధ్యాహ్నపు ఎండ. నేను అమ్మ కాళ్ళ దగ్గర నిలబడి చుక్కలమందు ఎన్నిసార్లు వెయ్యాలో నర్సు చెప్పింది గుర్తుపెట్టుకుంటున్నాను. పక్క మంచం దగ్గరికి కాలేజీ బ్యాగుతో ఒక అమ్మాయి వచ్చి, పడుకున్న వాళ్ళమ్మ మీదికి వంగి “అమ్మా” అని పిలిచింది.

“ఆఁ, వచ్చావా తల్లీ” అంది మా అమ్మ, మూసిన కళ్ళతోనే గభాలున లేచి కూర్చోబోతూ.